చెన్నై యూనివర్సిటీల్లో ఉపన్యాసాలు, సదస్సులు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్ర, భాష, సాహిత్యం, సంగీతం, సమాజం. చెన్నైలో ఏదో ఒక యూనివర్సిటీలోనో కాలేజీలోనో వీటి మీద ఉపన్యాసం లేని వారం ఉండదు, సెలవులప్పుడు తప్ప. టికెట్ ఉండదు. అయినా పెరంబూరు, కొడంబాక్కం, టి.నగర్‌లలో నాకు తెలిసిన మన తెలుగువాళ్ళలో చాలామందికి వీటి సంగతే తెలీదు. తెలిసినవాళ్ళేమో "అవి మనకెందుకులే" అంటారు. నేను బ్యాంకు ఉద్యోగిని. కొన్నేళ్ళుగా శనివారాలు, సెలవు దొరికిన సాయంత్రాలు ఈ హాళ్ళ చుట్టూ తిరుగుతున్నాను. ఫోన్లో మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు మళ్ళీ మళ్ళీ చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ యూనివర్సిటీ తరఫునా కాదు, వెనక వరుసలో కూర్చునే మనిషిగా.

ఇవి స్టూడెంట్లకు, ప్రొఫెసర్లకే కదా? మేం వెళ్తే ఎవరైనా ఏమైనా అంటారా?

అనరు. ఆహ్వానపత్రం అడుగున "ఆల్ ఆర్ వెల్‌కమ్" అని ఒక ముక్క ఉంటుంది. అది మొక్కుబడికి రాసింది కాదు. నిర్వాహకుల టెన్షన్ మనం వస్తామేమో అని కాదు, హాలు ఖాళీగా ఉంటుందేమో అని. నూట యాభై కుర్చీల హాల్లో పద్దెనిమిది మంది కూర్చున్న రోజులు చూశాను. అందులో నలుగురు ఆ శాఖవాళ్ళే, ఇద్దరు మైకు చూసుకునేవాళ్ళు. అలాంటి రోజున గుమ్మంలో కొత్త మొహం కనిపిస్తే ఎదురొచ్చి ముందు వరుసలో కూర్చోబెడతారు.

"రిజిస్ట్రేషన్ తప్పనిసరి" అని రాసి ఉంటే మాత్రం చేసుకోవాలి. ఆ గూగుల్ ఫారంలో మీ సంస్థ పేరు ఏమిటని ఒక గడి ఉంటుంది. మొదట్లో నేను బ్యాంకు పేరు రాసేదాన్ని. ఇప్పుడు "పాఠకురాలు" అని రాస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వర్క్‌షాపులు వేరు. అక్కడ సీట్లు తక్కువ, పరిశోధక విద్యార్థులకే అని ముందే చెప్తారు, ఒక్కోసారి ఫీజు కూడా ఉంటుంది.

హ్యుమానిటీస్ అంటే ఏమేం వస్తాయి?

మానవీయ శాస్త్రాలు అని పుస్తకాల మాట. భాషలు, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, సంగీతం, నాటకం, శాసనాలు, సినిమా. ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం పక్కింటివాళ్ళు, అయినా ఒకే పోస్టర్ మీద కనిపిస్తారు.

ఎక్కడెక్కడ జరుగుతాయి? దూరాలు చెప్పండి.

మొదట చెప్పాల్సింది మెరీనా ఎదురుగా చేపాక్‌లో ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయం. 1857లో పెట్టిన యూనివర్సిటీ. ఎర్రటి సెనేట్ హౌస్ చిజమ్ అనే ఆర్కిటెక్టు కట్టింది, 1879లో పూర్తయింది. కోరాడ రామకృష్ణయ్య, నిడదవోలు వెంకటరావు లాంటివాళ్ళు పనిచేసిన తెలుగు శాఖ ఈ యూనివర్సిటీదే. అదే బీచ్ రోడ్డు మీద కాస్త దూరంలో ప్రెసిడెన్సీ కాలేజీ. వీరేశలింగం గారు తెలుగు పండితుడిగా పనిచేసిన చోటు. పెరంబూరు నుంచి వచ్చేవాళ్ళు బీచ్ స్టేషన్‌లో మారి చేపాక్‌లో దిగితే సరి. మెట్రో అయితే గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి ఆటో ఎక్కాలి. నడవచ్చు కూడా, మే నెల కాకపోతే.

ఒక హెచ్చరిక. చేపాక్ స్టేడియం గోడ పక్కనే ఉంది. క్రికెట్ మ్యాచ్ రోజున ఉపన్యాసం ఉంటే గంట ముందు బయల్దేరండి. పసుపు చొక్కాల జాతరలో చిక్కుకుని, ఒక శాసనాల మీద ఉపన్యాసంలో వందన సమర్పణ మాత్రమే విని ఇంటికొచ్చిన చరిత్ర నాకుంది.

రెండోది అడయారు, తరమణి వైపు. ఐఐటీ మద్రాసులో హ్యుమానిటీస్ శాఖ ఉందంటే చాలామంది నమ్మరు. ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. గాంధీనగర్‌లో మాల్కం ఆదిశేషయ్య 1971లో పెట్టిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఉంది. అక్కడి సెమినార్లు ఎక్కువగా ఆర్థిక, సామాజిక విషయాల మీద. తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధక గ్రంథాలయం యూనివర్సిటీ కాదు గానీ యూనివర్సిటీ మనుషులందరూ అక్కడే కనిపిస్తారు. కోట్టయ్యూరులో ఒక మనిషి జీవితమంతా పోగేసిన పుస్తకాల మీద 1994లో మొదలైన లైబ్రరీ అది. ఉపన్యాసాలు చాలావరకు తమిళ ముద్రణ, సినిమా, సింధు లిపి మీద.

కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం గురించి కింద వేరే చెప్తాను. నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో మద్రాస్ లిటరరీ సొసైటీ ఉంది, 1812 నాటిది. ఆ రోడ్డుకు కాలేజ్ రోడ్డు అని పేరెందుకొచ్చిందో కూడా కింద వస్తుంది.

గేటు దగ్గర ఆపుతారా?

ఆపుతారు. ఆపడం వాళ్ళ ఉద్యోగం. చేపాక్‌లో గేటు మనిషి "ఎంద డిపార్ట్‌మెంట్?" అని అడుగుతాడు. శాఖ పేరు, హాలు పేరు చెప్తే చాలు. ఇక్కడే మనవాళ్ళు తడబడతారు. "లెక్చర్ ఉందంట కదా" అని మొదలుపెడితే అతనికి ఏమీ అర్థం కాదు, అనుమానం వస్తుంది. ఫోన్లో పోస్టర్ తెరిచి పెట్టుకోండి. ఆధార్ కార్డు గానీ ఆఫీసు ఐడీ గానీ ఉంచుకోండి. రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయాలి. పెన్ను దారంతో కట్టి ఉంటుంది, రాయదు. మీ పెన్ను తీసుకెళ్ళండి.

ఐఐటీలో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఉపన్యాసానికి రిజిస్టర్ చేసుకున్న మెయిల్ చూపించమంటారు. లోపల క్యాంపస్ బస్సు ఉంది. గేటు నుంచి హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్ బ్లాక్ దాకా నడిస్తే దారిలో చుక్కల జింకలు, అదృష్టం ఉంటే కృష్ణజింక కనిపిస్తాయి. పిల్లల్ని తీసుకెళ్తే ఉపన్యాసం సంగతి మర్చిపోతారు.

లోపలికి వెళ్ళాక హాలు కనుక్కోవడం ఇంకో ఘట్టం. మొదటి ఏడాది ఒక క్యాంపస్‌లో, పేరెందుకు గానీ, బాణం గుర్తు చూపించిన వైపు వెళ్ళి ఒక గదిలో కూర్చున్నాను. పద్యనాటకాల మీద ఉపన్యాసమని వెళ్ళినదాన్ని. ఒకమ్మాయి తెర మీద గ్రాఫులు చూపిస్తూ చెమటలు కక్కుతోంది. నలభై నిమిషాలు ఉపోద్ఘాతమే అనుకుని విన్నాను. అది వేరే శాఖ పిల్ల పీహెచ్‌డీ వైవా, అంటే థీసిస్ మీద నోటి పరీక్ష. మధ్యలో లేవడం బాగుండదని చివరిదాకా కూర్చుని, లడ్డూ కూడా తిని వచ్చాను.

అంటే వైవాలకు కూడా వెళ్ళొచ్చా?

పబ్లిక్ వైవా అని నోటీసు పెట్టినప్పుడు ఆసక్తి ఉన్న పరిశోధకులు, ఆ విషయం తెలిసినవాళ్ళు వెళ్ళొచ్చు. మీ ఊరి మీదో, మీ కులవృత్తి మీదో, మీకు తెలిసిన రచయిత మీదో ఎవరైనా థీసిస్ రాశారంటే శాఖకు ఒక ఫోన్ చేసి వెళ్ళండి. మూడు నాలుగేళ్ళ పని గంటలో వినొచ్చు. పైగా పరీక్షకుడు వేసే ప్రశ్నలు మామూలు ఉపన్యాసాల్లో ఎవరూ వేయరు.

రాబోయే నెలల్లో ఏమేం ఉంటాయి?

తారీఖులు ప్రతి ఏడూ మారతాయి, పోస్టర్లు వారం ముందు గానీ రావు, ఒక్కోసారి ముందు రోజు సాయంత్రం వస్తాయి. కానీ ఏడాది లయ మారదు. అది తెలిస్తే సెలవులు అట్టిపెట్టుకోవచ్చు.

జూలైలో సెమిస్టర్ మొదలై కాస్త ఊపిరి తీసుకుంటారు. ఆగస్టు అసలైన నెల. ఆగస్టు 22 మద్రాస్ డే. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి ఈ సముద్రపొడ్డు నేల చెక్కను ఇచ్చిన రోజుగా 2004 నుంచి జరుపుతున్నారు. ఆ చుట్టుపక్కల వారాల్లో కాలేజీలు, లైబ్రరీలు, క్లబ్బులు అన్నీ నగర చరిత్ర మీద ఉపన్యాసాలు పెడతాయి. ఏటా ఎవరో ఒకరు లేచి, దానపత్రంలో ఉన్నది జూలై 22 కదా అంటారు. ఫ్రాన్సిస్ డే అప్పటికింకా ఇక్కడికి చేరనే లేదు కాబట్టి ఆగస్టు అయ్యుండాలని ఇంకొకరు జవాబిస్తారు. ఈ తగవు నాకు కంఠతా వచ్చు, అయినా ప్రతిసారీ వింటాను. దామెర్లవారు తెలుగువాళ్ళు, చెన్నపట్నం అన్న పేరు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి మీదుగా వచ్చిందన్నది ఎక్కువమంది చెప్పే మాట. ఇక వారం తిరిగేసరికి ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. రెండూ వారం తేడాలో పడటంతో తెలుగు శాఖల్లో కుర్చీలు దొరకవు. ఏడాదిలో ఆ ఒక్కసారే లెండి.

సెప్టెంబరులో సదస్సులు. అక్టోబరు నుంచి ఈశాన్య ఋతుపవనం, దాని సంగతి కింద చెప్తాను. డిసెంబరు మధ్య నుంచి మార్గళి, అంటే మన ధనుర్మాసం, కచేరీలు. మ్యూజిక్ అకాడమీలో ఆ రోజుల్లో పొద్దున్నే సంగీత ప్రసంగాలు జరుగుతాయి, పాడుతూ వివరించేవి. త్యాగరాజ కృతి మీద తమిళ విద్వాంసుడొకాయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, హాల్లో సాహిత్యం పూర్తిగా అర్థమయ్యేది మనకే. "ఈ పదానికి అర్థం అది కాదండీ" అని నా పక్కావిడ గొణిగింది ఒకసారి. ఆవిడ చెప్పిందే సరైనది. గట్టిగా చెప్పాల్సింది.

జనవరిలో నందనంలో పుస్తకాల పండుగ, అక్కడి వేదిక మీద ఉపన్యాసాలు తమిళంలోనే. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. ఆ తర్వాత మార్చిలో హఠాత్తుగా రోజుకు రెండు సదస్సులు మొదలవుతాయి. విద్యాజ్ఞానం పొంగిపొర్లి కాదు, మంజూరైన నిధులు మార్చి 31 లోపు ఖర్చుపెట్టాలి. భోజనం మాత్రం ఆ నెలలోనే బాగుంటుంది. ఏప్రిల్, మే పరీక్షలు, ఎండలు. ఏమీ ఉండవు.

తెలుగువాళ్ళం మనకు పనికొచ్చే విషయాలు అసలుంటాయా? అంతా తమిళ చరిత్రే కదా?

ఇది అందరూ అడిగేదే, నాకు కోపం వచ్చేదీ ఇదే. కాబట్టి కాస్త పెద్ద జవాబు.

నేను మొదటిసారి నోరు తెరుచుకుని విన్న ఉపన్యాసం "ద్రావిడ భాషలు" అన్న పేరుతో జరిగింది. తమిళం గురించి అనుకుని సగం మనసుతో వెళ్ళాను. తెర మీద మొదటి బొమ్మ 1816లో మద్రాసులో అచ్చయిన ఒక తెలుగు వ్యాకరణం మొదటి పేజీ. రాసింది ఎ.డి. క్యాంబెల్, ఇంగ్లీషులో. దానికి ముందు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అనే కలెక్టరు రాసిన పెద్ద వ్యాసం ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని అప్పుడు చాలామంది అనుకునేవాళ్ళు. ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని పక్కపక్కన వరుసలుగా పెట్టి, ఇవి ఒకే ఇంటి పిల్లలు, సంస్కృతం ఇంటివి కావు అని చూపించాడు. ద్రావిడ భాషల్ని పోల్చి చూపిన కాల్డ్‌వెల్ వ్యాకరణ పుస్తకం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. అంటే ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబం అన్న మాట మొదట అచ్చయింది తెలుగు వ్యాకరణం ముందుమాటలో.

ఎల్లిస్ అదంతా ఒంటరిగా చేయలేదు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో పెట్టిన సెయింట్ జార్జి కోట కాలేజీలో పట్టాభిరామశాస్త్రి అనే పండితుడు ఉండేవాడు. ధాతువుల పని వెనక ఆయన చెయ్యి ఉంది. మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విడగొట్టడం గురించి ఎల్లిస్ ఉదాహరించింది మామిడి వెంకయ్యని. ఈయన మచిలీపట్నం వర్తకుడు, 'ఆంధ్రదీపిక' అనే నిఘంటువు కూర్చినవాడు. కాలేజ్ రోడ్డు అన్నానే, ఆ కాలేజీ ఇదే. ఇప్పుడు అక్కడ విద్యాశాఖ ఆఫీసులు ఉన్నాయి. నేను పదేళ్ళ పాటు ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకు వెళ్ళాను.

ఇలాంటివి తవ్వేకొద్దీ ఉన్నాయి. 1854లో వావిళ్ళవారి ముద్రణాలయం మొదలైంది ఇక్కడ. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి వచ్చి దినపత్రికైంది ఇక్కడ. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి పుట్టింది ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీలున్న శ్రీపెరుంబూదూరులో. స్కూలు పిల్లలు వాడుకభాషలో రాయచ్చా, గ్రాంథికంలోనే రాయాలా అన్న గొడవ జరిగింది మద్రాసు యూనివర్సిటీ పరీక్షల చుట్టూనే. గురజాడ 1914లో వాడుకభాష తరఫున తన అసమ్మతి పత్రాన్ని ఇచ్చింది ఆ యూనివర్సిటీకే. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న కన్నుమూసింది మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో. ఆ చోట ఇప్పుడు స్మారక భవనం ఉంది, తెలుగు సభలు అక్కడా జరుగుతాయి. అమరావతి స్తూపం పలకలు చూడాలంటే ఎగ్మూరు మ్యూజియానికి రావాలి, మిగతావాటికి లండన్ వెళ్ళాలి.

కాబట్టి పోస్టర్ మీద "తెలుగు" అన్న మాట కోసం వెతక్కండి. "మద్రాస్ ప్రెసిడెన్సీ", "కలోనియల్ సౌత్ ఇండియా", "ప్రింట్", "కర్ణాటిక్" అన్న మాటలు కనిపిస్తే లోపల మనవాళ్ళు ఉంటారు.

నేను ఇంజినీర్ని. ఇంటర్ తర్వాత సాహిత్యం ముట్టుకోలేదు. అర్థమవుతుందా?

మొదటి పది నిమిషాలు అర్థం కాకపోవచ్చు. అది మీ తప్పు కాదు. వక్త తన రంగంవాళ్ళకు లెక్క అప్పజెప్పుకునే పది నిమిషాలవి, ఎవరి సిద్ధాంతం, ఎవరితో విభేదం అని. ఆ తర్వాత ఒక ఉదాహరణ వస్తుంది. ఒక ఉత్తరం, ఒక ఫోటో, ఒక కోర్టు కేసు. అక్కణ్ణుంచి పట్టుకోండి. వెళ్ళే ముందు పోస్టర్ మీద ఉన్న సారాంశం ఒకసారి చదవండి. చదివినా ఏమీ తెలియకపోతే, నా అనుభవంలో, ఆ ఉపన్యాసం కూడా అలాగే ఉంటుంది. మానేయండి.

ఉపన్యాసం, సెమినార్, సదస్సు, స్మారకోపన్యాసం, వీటిలో తేడా ఏమిటి?

స్మారకోపన్యాసం లేదా ఎండోమెంట్ లెక్చర్ అంటే ఎవరో పెద్దాయన పేరు మీద ఎవరో వేసిన డబ్బు వడ్డీతో ఏటా జరిగేది. జ్యోతి ప్రజ్వలన, శాలువా, ఇద్దరు ముగ్గురు పరిచయకర్తలు. ఆరు గంటలని వేస్తే అసలు మనిషి మైకు ముందుకు వచ్చేది ఆరూ నలభైకి. పెద్ద పేరున్నవాళ్ళు వచ్చేది మాత్రం వీటికే. శాఖ సెమినార్ చిన్న గదిలో, బల్ల చుట్టూ, శాలువా లేకుండా. నాకు ఇదే ఇష్టం. రాస్తున్న పుస్తకంలో ఇంకా తేలని అధ్యాయం తీసుకొస్తారు, పిల్లలు తూట్లు పొడుస్తారు. సదస్సు రెండు రోజులు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం తర్వాత అధ్యక్షుడు చీటీలు పంపుతూ ఉంటాడు. సదస్సుకు వెళ్తే కార్యక్రమ పత్రం చూసి మీకు కావాల్సిన రెండు పత్రాలకు వెళ్ళి రండి. రెండు రోజులూ కూర్చోవాలని ఎవరూ ఆశించరు.

ఏ భాషలో మాట్లాడతారు?

ఎక్కువగా ఇంగ్లీషు. తమిళ శాఖలో, లైబ్రరీల్లో తమిళం. తెలుగు శాఖలో తెలుగు. వక్త హైదరాబాదు నుంచో తిరుపతి నుంచో వస్తే మంచి తెలుగు వినొచ్చు. ఇక్కడివాళ్ళయితే మన తెలుగే, "అవును కదా" అనాల్సిన చోట "ఆమా" జారిపోయే తెలుగు. నాకు రెండూ ఇష్టమే.

పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తీసుకురావచ్చా?

తీసుకురండి. 2006లో వచ్చిన చట్టం తర్వాత ఇక్కడి స్కూళ్ళలో ఒకటో క్లాసు నుంచి తమిళం తప్పనిసరవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, ఇలా పెరిగిన పిల్లలు మన ఇళ్ళలో చాలామంది. పన్నెండేళ్ళు దాటితే కూర్చోగలరు. మా అక్క కూతురు చదువుకున్నది తమిళం. ఒకసారి శాసనాల ఉపన్యాసంలో పాత తెలుగు అక్షరాలు తెర మీద వేస్తే, దానికి మా అందరికంటే ముందు రెండు అక్షరాలు తగిలాయి. తెలుగు రాదు కాబట్టి ఏది ఎలా ఉండాలన్న పట్టింపు దానికి లేదు, బొమ్మల్ని పోల్చినట్టు పోల్చింది. చిన్నపిల్లలతో అయితే వెనక, తలుపు దగ్గర కూర్చోండి.

ప్రశ్న అడగొచ్చా? తప్పు అడిగితే?

అడగండి. తప్పు ప్రశ్న కంటే పొడుగు ప్రశ్న ప్రమాదం. ప్రతి హాల్లో ఒక పెద్దమనిషి ఉంటాడు. మైకు అందుకుని, "ఇది ప్రశ్న కాదు, ఒక చిన్న వ్యాఖ్య" అని మొదలుపెట్టి తన ఉద్యోగ విరమణ దాకా వస్తాడు. అధ్యక్షుడు గడియారం చూస్తాడు, ఆ పెద్దమనిషి చూడడు. ఒక కాగితం మీద రెండు వాక్యాల్లో రాసుకుని చదివేయండి. తెలుగులో అడగొచ్చా అంటే, తెలుగు శాఖలో అడగొచ్చు. మిగతా చోట్ల వచ్చిన ఇంగ్లీషులోనో తమిళంలోనో.

మా బాబాయి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. రైల్వే కార్మికుల చరిత్ర మీద ఉపన్యాసమని బలవంతాన లాక్కెళ్ళాను. పరిశోధకురాలు చిన్నపిల్ల, ఢిల్లీ నుంచి వచ్చింది. తెర మీద ఒక పాత ఫోటో వేసింది, గేటు బయట వరసగా నిలబడ్డ మగవాళ్ళు. సమ్మె రోజుల ఫోటో అంది. బాబాయి నా చెవిలో, "సమ్మె ఏంటమ్మాయ్, అది జీతాల రోజు. చేతిలో టోకెన్లు చూడు" అన్నాడు. చూస్తే నిజమే, ఒక్కొక్కడి వేళ్ళ మధ్య గుండ్రటి ఇత్తడి బిళ్ళ. "మీరే అడగండి బాబాయ్" అంటే చెయ్యి ఎత్తలేదు. నేనే ఎత్తి, మైకు ఆయనకిచ్చాను. తమిళంలో చెప్పాడు, పక్కనున్న స్టూడెంటు ఇంగ్లీషులో అందించాడు. ఆ పిల్ల ఫోటోని పెద్దది చేసి, చాలాసేపు చూసి, పెన్సిలు తీసి రాసుకుంది. తర్వాత టీ దగ్గర గంట సేపు బాబాయిని వదల్లేదు. ఇప్పుడు పోస్టర్లు నాకంటే ముందు ఆయనకే వస్తున్నాయి.

టీ ఇస్తారా?

ఇస్తారు. రెండు బిస్కెట్లు కూడా. శాఖకు డబ్బులొచ్చిన ఏడాది సమోసా.

సర్టిఫికెట్?

ఉపన్యాసానికి ఉండదు. సదస్సుకు ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే మెయిల్‌కు వస్తుంది. పేరులో అక్షరం తప్పు లేకుండా వస్తే మీ అదృష్టం.

ఆన్‌లైన్‌లో చూడొచ్చు కదా, ఇంత దూరం ఎందుకు?

చూడొచ్చు. కరోనా తర్వాత చాలా శాఖలు యూట్యూబ్‌లో పెడుతున్నాయి. కానీ మైకు వక్త దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రశ్నలు వినపడవు. బాబాయి చెప్పిన మాట ఆ వీడియోలో ముప్పై సెకన్ల గుసగుసగా ఉంది.

తాళపత్రాలు, పాత రాతప్రతులు మేం చూడొచ్చా?

ఉపన్యాసాల్లో తరచూ వినపడే పేరు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం. 1869లో మొదలైంది. చాలా ఏళ్ళు చేపాక్‌లో యూనివర్సిటీ ఆవరణలో ఉండి, ఇప్పుడు కోట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయం భవనంలో ఉంది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పోగుచేసినవి, సి.పి. బ్రౌన్ పోగుచేసినవి అక్కడున్నాయి. మెకంజీ కోసం ఊరూరూ తిరిగి గ్రామ చరిత్రలు రాయించింది ఏలూరు వైపు కావలి ఇంటిపేరున్న సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాటినే కైఫీయతులంటారు. మీ ఊరి కైఫీయతు ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా మీది కడప, నెల్లూరు, గుంటూరు వైపు అయితే.

ఊరికే చూడ్డానికని వెళ్తే కుదరదు. ఏ ప్రతి కావాలో కేటలాగులో నంబరు చూసుకుని, దరఖాస్తు రాసి, గుర్తింపు కార్డు పెట్టాలి. అచ్చయిన ప్రతి ఉంటే ముందు అదే చూడమంటారు, అది న్యాయమే. ఒకసారి ఒక వర్క్‌షాపులో తాటాకు చేతికిచ్చారు. జానెడుకు మించిన పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, మధ్యలో దారానికి చిల్లు. నిమ్మగడ్డి నూనె రాసిన వాసన. గంటంతో గీసిన గీతల్లో మసి నిలిచి అక్షరం కనిపిస్తోంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు, తలకట్లు నిలకడగా లేవు. "అ" ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లో బ్యాంకులో తప్పుగా సంతకం పెట్టే ముసలాళ్ళ మీద నా చిరాకు కొంచెం తగ్గింది.

వాన పడితే?

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఏ పోస్టర్‌నీ పూర్తిగా నమ్మకండి. రెడ్ అలర్ట్ వచ్చి కలెక్టరు కాలేజీలకు సెలవు ప్రకటిస్తే ఉపన్యాసం కూడా పోయినట్టే. శాఖవాళ్ళు ప్రత్యేకంగా చెప్పరు, చెప్పాలన్న ధ్యాస ఉండదు. బయల్దేరే ముందు పోస్టర్ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.

వక్తతో మాట్లాడొచ్చా? పుస్తకం మీద సంతకం?

టీ దగ్గర మాట్లాడొచ్చు. పొగడ్త ఒక్క వాక్యం చాలు. మీ ఇంట్లో పాత ఉత్తరాలు, పెళ్ళి పత్రికలు, నాటకాల కరపత్రాలు, తాతగారి డైరీ ఏమైనా ఉంటే ఆ సంగతి చెప్పండి, వాళ్ళ కళ్ళు వేరుగా వెలుగుతాయి. వెంటనే ఇచ్చేయకండి. ఫోటోలు తీయించుకోనివ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇస్తే రసీదు తీసుకోండి. ఇది బ్యాంకు మనిషిగా చెప్తున్నాను.

ఒక్కదాన్నే రావాలంటే బెరుకుగా ఉంది. మీరుంటారా?

చేపాక్‌లో శనివారమైతే దాదాపుగా ఉంటాను. వెనక నుంచి రెండో వరుస, ఫ్యాను కింద. నా పక్క సీటు మీద బాబాయి తువ్వాలు వేసి పెడతాడు, ఎవరైనా మనవాళ్ళు వస్తారేమో అని. తువ్వాలు ఆయన చేతికిచ్చి కూర్చోండి.